పాతకాలపు కచేరి విమర్శ – నేటి పాఠకుల దృష్టి

కర్ణాటక సంగీత కచేరిని విని, దాని గుణదోషాలను పత్రికాముఖంగా వివరించే రచనను కచేరి విమర్శ అంటారు. ఇరవయ్యవ శతాబ్ది పూర్వార్ధంలో మద్రాసు నగరం దీనికి ప్రధాన స్థానమయింది. 1927లో అక్కడ జరిగిన కాంగ్రెసు మహాసభతో పాటు నిర్వహించిన సంగీత సమావేశం ఫలితంగా 1928లో మద్రాసు సంగీత అకాడమీ ఏర్పడింది. ఏటా డిసెంబరులో జరిగే సంగీతోత్సవాలతో బాటు, వాటిని గూర్చిన సమీక్షలకోసం ఎదురుచూడడం కూడా ఆనవాయితీ అయింది.

ప్రసిద్ధ విమర్శకులు

తమిళ రచయిత కల్కి కృష్ణమూర్తి (1899–1954) ‘ఆనంద వికటన్’ పత్రికలో ‘కర్నాటకం’ అనే కలంపేరుతో సంగీత, నాట్య విమర్శలు వ్రాశారు. తమిళ వాడుకలో ఆ మాటకు ‘పాతకాలపు’ అనే అర్థం కూడా ఉన్నందున పేరులోనే చమత్కారం ఉంది. శాస్త్రం ఎరుగని గృహస్థులకు సైతం అందే హాస్యధోరణి ఆయనది. తరువాతి తరంలో ‘సుబ్బుడు’గా పేరొందిన పి.వి. సుబ్రహ్మణ్యం (1917–2007) తమిళంలోనూ ఆంగ్లంలోనూ వ్రాసి, నిర్మొహమాటానికి ప్రసిద్ధులయ్యారు.

విమర్శ తీరు

శ్రుతిశుద్ధి, లయజ్ఞానం, రాగస్వరూపం, నెరవు, స్వరకల్పన, సాహిత్యోచ్చారణ – ఇవి విమర్శకుని కొలబద్దలు. మద్రాసు ఆకాశవాణి కేంద్రం 1938లో గాని ప్రారంభం కాలేదు. దూరప్రాంతాల పాఠకులకు ఆ కచేరిని తాము విని సరిచూసుకొనే అవకాశం తక్కువ. అందువల్ల విమర్శకుని తీర్పు తిరుగులేనిదిగా చెల్లుబాటయింది. మరొకవైపు, ఆ సమీక్షలే ఎందరికో రాగాన్ని ఎలా వినాలో నేర్పాయి.

తెలుగు కృతులు – భాషావాదం

త్యాగరాజస్వామి కృతులలో అత్యధికం తెలుగులో ఉన్నందున తమిళదేశపు కచేరులలో తెలుగు పాటకే ప్రాధాన్యం ఉండేది. అర్థం తెలియక పాడేవారు పదాలను తప్పుగా విరవడం చిరకాలపు ఫిర్యాదు. శ్రోతలకు తెలిసిన భాషలో పాడాలన్న తమిళ ఇసై ఉద్యమం 1941లో అణ్ణామలై విశ్వవిద్యాలయంలో జరిగిన సమావేశంతో బలపడింది. 1943లో మద్రాసులో తమిళ ఇసై సంఘం ఏర్పడింది. కల్కి దానిని గట్టిగా సమర్థించారు. సంగీతానికి భాష అడ్డు కారాదని అకాడమీ పక్షంవారు వాదించారు. ఒకే పాటను ఒకరు మాతృభాషగా, మరొకరు పరభాషగా వినే సరిహద్దు గ్రామాలవారికి ఈ వాదంలోని ఉభయపక్షాల బాధా సులభంగానే అర్థమవుతుంది.

ఇందుకు భిన్నమైన మార్గం రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారిది (1893–1979). అనంతపురం జిల్లాలో జన్మించి, మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు బోధించిన ఆయన తెలుగు, కన్నడ భాషలు రెండింటిలోనూ రచనలు చేశారు. అన్నమాచార్య సంకీర్తనలకు స్వరరచన చేశారు. 1974లో అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదం పొందారు. సాహిత్యం, సంగీతం రెండూ ఎరిగిన పండితుని దృష్టి ఆయనది.

నేటి పాఠకులు చూచే తీరు

నేటివారు ఆ సమీక్షలను రెండు విధాలుగా చదువుతున్నారు. ఆనాటి గానాన్ని, శ్రోతల అభిరుచిని తెలిపే సాక్ష్యాలుగా వాటిని గౌరవించడం ఒకటి. వాటిలోని పక్షపాతాన్ని ప్రశ్నించడం రెండవది. కొన్ని సమీక్షలలో గాయనుల పాటకంటె రూపవేషాల ప్రస్తావనే ముందుకు వచ్చేది. రాగం–తానం–పల్లవి పురుషుల సొత్తని భావించిన కాలంలో డి.కె. పట్టమ్మాళ్ (1919–2009) దానిని పాడి మెప్పించవలసి వచ్చింది. ఎవరి సంగీతం ‘శుద్ధం’, ఆ నిర్ణయం చేసినది ఎవరు అనే ప్రశ్నను అమండా వైడ్‌మన్ 2006లోనూ, గాయకుడు టి.ఎం. కృష్ణ 2013లోనూ ప్రచురించిన ఆంగ్ల గ్రంథాలు చర్చకు తెచ్చాయి.

మరొక మార్పు కూడా వచ్చింది. అరియకుడి రామానుజ అయ్యంగార్ (1890–1967) వంటివారి ధ్వనిముద్రణలు నేడు ఇంటివద్దనే వినవచ్చును. పాత సమీక్షను పక్కన ఉంచుకొని ఆ గానాన్ని వింటే, విమర్శకుడు ఎక్కడ చక్కగా విన్నాడో, ఎక్కడ కేవలం అలవాటుకొద్దీ తీర్పు చెప్పాడో తెలుస్తుంది. సంగీతం నేర్చుకొంటున్న పిల్లలకు ఇది మంచి అభ్యాసం. ముందుగా పాట అర్థాన్ని ఇంట్లోని పెద్దలు తెలుగులో వివరించి, పిమ్మట వినిపిస్తే ఉచ్చారణలోని తప్పొప్పులను పిల్లలే పట్టుకోగలరు.