గుమ్మడి పాదు చెప్పే మన చరిత్ర

మన పూర్వీకుల చరిత్ర తెలుసుకోవాలంటే మనం ఓడల జాబితాలను, ఒప్పంద పత్రాలను వెదుకుతాము. వాటిలో పేరు, తండ్రి పేరు, ఊరు, వయస్సు, ఎత్తు కనిపిస్తాయి. సాయంత్రం పని ముగిసిన తరువాత వారి పొయ్యి మీద ఏమి ఉడికిందో మాత్రం ఆ కాగితాలు చెప్పవు. ఆ సంగతి మన వంటిళ్లే చెప్పాలి. ఆదివారం ఫ్లాక్ బజారులో ముక్కలుగా కోసి పెట్టిన ఎర్రని గుమ్మడికాయను మనమందరమూ కొంటున్నాము, ‘జిరోమోన్’ అని పిలుస్తున్నాము. ఈ ఒక్క కాయ వెనుక ఉన్న మన చరిత్రను పాఠకులకు మనవి చేస్తాను.

ముందుగా కాయ సంగతి. తెలుగులో గుమ్మడి అంటే రెండు రకాలు. తెల్లని బూడిద పట్టి ఉండేది బూడిద గుమ్మడి. ఇది ఆసియా ఖండానికి చెందిన పాత కాయ. లోపల పసుపుగానో ఎర్రగానో ఉండి తియ్యగా ఉండేది తీపి గుమ్మడి. దీని పుట్టిల్లు అమెరికా ఖండం. 1492 తరువాత ఐరోపావారి ఓడలలో అది ప్రపంచమంతా వ్యాపించింది. మనం వాడే ‘జిరోమోన్’ అనే క్రెయోల్ మాట ఫ్రెంచి నుంచి వచ్చింది. ఫ్రెంచివారు దానిని బ్రెజిల్ ఆదివాసులైన తూపీల భాషనుంచి తీసుకొన్నారు. కనుక మనవారు ఈ ద్వీపంలో దిగేనాటికి ఈ కాయ వారికి కొత్తది కాదు. పేరు మాత్రమే కొత్తది.

1834 నవంబరు 2న ‘అట్లస్’ ఓడలో ఒప్పంద కూలీలు పోర్ట్ లూయీ చేరారు. 1843లో ‘కోరంగి ప్యాకెట్’ ఓడ గోదావరి తీరంలోని కోరంగి రేవునుంచి తెలుగువారిని తెచ్చింది. అందుచేతనే మనవారిని ఇక్కడ చాలాకాలం కోరంగివారు అని పిలిచారు. ఎస్టేటు యజమాని ఇవ్వవలసిన ఆహారంలో ముఖ్యమైనవి బియ్యం, పప్పు, ఉప్పు. పచ్చని కూర కావాలంటే ఎవరికి వారు పండించుకోవలసిందే. కాని తీరిక ఎక్కడ? ఒక్కరోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోసేవారు. అటువంటి జీవితానికి గుమ్మడి సరిపోయింది. దానికి దున్నిన పొలం అక్కరలేదు. గుడిసె వెనుక కాస్త పెంట వేసి నాలుగు గింజలు పాతితే చాలు, తీగ కప్పు మీదికి ఎక్కుతుంది. ఆకు, పువ్వు, కాయ మూడూ తినవచ్చు. ముదిరిన కాయ నెలల తరబడి నిలువ ఉంటుంది.

ఐదేళ్ల ఒప్పందం ముగిసిన వారిని ప్రభుత్వం ‘పాత వలసదారులు’ అన్నది. వారిలో చాలామంది మళ్లీ ఎస్టేటులో చేరక, కూరగాయలు పండించి గంపలలో పెట్టుకొని అమ్ముకోవాలని కోరుకున్నారు. చెరుకు యజమానులకు ఇది నచ్చలేదు. 1867 చట్టం ప్రకారం పాత వలసదారు ప్రతివాడూ ఫొటో అంటించిన టికెట్టును, పోలీసు పాసును వెంట ఉంచుకోవాలి. అవి లేకుండా తన జిల్లా దాటితే దిమ్మరి అని పట్టుకొనేవారు. కూర గంపతో ఊరూరా తిరిగేవానికి ఇది ఎంత కష్టమో ఊహించండి.

‘గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడు’ అని తెలుగులో ఒక సామెత ఉన్నది. సభవారి సాయంకాలపు తరగతిలో ఈ సామెత నేర్చుకొన్నప్పుడు మాలో ఎవరికీ అర్థం కాలేదు. మేము ఎరిగిన జిరోమోన్‌కు బూడిద ఉండదు గదా! బూడిద గుమ్మడిని భుజం మీద మోసినవానికి తెల్లని పొడి అంటుతుందని మాస్టారు వివరించారు. 1867 చట్టం కింద మన తాతలు దొంగలు కాకపోయినా, పోలీసు కనిపిస్తే చాలు, జేబు తడుముకొని టికెట్టు వెదుక్కొన్నారు.

1871లో అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే ఎస్టేటు మేనేజరు సహాయంతో 9,401 మంది పాత వలసదారులు గవర్నరు ఆర్థర్ గోర్డన్‌కు అర్జీ పెట్టుకున్నారు. దాని ఫలితంగా 1872లో రాయల్ కమిషన్ వచ్చింది, 1875లో నివేదిక వెలువడింది, 1878లో కొత్త కార్మిక చట్టం చేశారు. తరువాతి దశాబ్దాలలో పంచదార ధర పడిపోయినప్పుడు ఎస్టేటులు తమ భూమిని చిన్న చిన్న ముక్కలుగా అమ్మాయి. కూడబెట్టిన డబ్బుతో మనవారు ఆ ముక్కలు కొన్నారు. గుడిసె వెనుక పాదు సొంత తోట అయింది, తోటలోని కాయ బజారుకు వచ్చింది. నేడు మనం బజారులో బేరమాడి కొనే తాజా కూరకు ఇంత చరిత్ర ఉన్నది.

ఇక వంట సంగతి. తొడిమ ఎండి, గోరు గుచ్చితే దిగని తోలు ఉన్న కాయ ముదురుది, తియ్యనిది. మన ఇళ్లలో నూనెలో ఆవాలు, మెంతులు, ఎండుమిరపకాయ వేసి, వెల్లుల్లి, ఉల్లిపాయ వేయించి, ముక్కలు వేసి మూత పెడతారు. నీరు పోయనక్కరలేదు. కాయలోని నీటితోనే మెత్తగా ఉడుకుతుంది. చివరకు చిటికెడు పంచదార. పెండ్లి విందులో అరటి ఆకు మీద వడ్డించే ఏడు కూరలలో సాధారణంగా ఇది ఒకటి. లేత ఆకులను, కాడల నార తీసి, వెల్లుల్లితో ఉడికిస్తే బ్రెద్ చారు.

కోస్తా ఆంధ్రలో ఇదే కాయను చింతపండు, బెల్లం వేసి పులుసు పెడతారు. సంక్రాంతికి చిలగడదుంప, చిక్కుడు మొదలైన వాటితో కలిపి దప్పళం కాస్తారు. గొబ్బెమ్మల మీద గుమ్మడి పువ్వులు గుచ్చుతారు. అక్కడ సంక్రాంతి చలికాలపు పంటల పండుగ, ఇక్కడ అది ఎండాకాలంలో, తుఫానుల నెలలలో వస్తుంది. 1960లో కారోల్, 1975లో జెర్వేజ్ వంటి తుఫానులు తోటలను నేలమట్టం చేశాయి. అటువంటి రోజులలో ఇంటి మూల దాచిన ముదురు గుమ్మడి ఎంత విలువైనదో మన పెద్దలకు తెలుసు.

పోపు నిలిచింది, ఏడు కూరల విందు నిలిచింది. కాని పోపు, పులుసు, పాదు, తొడిమ అనే మాటలు మన పిల్లల నోట వినిపించడం లేదు. నా తరం వారు వాటిని తరగతిలో పుస్తకం చూసి నేర్చుకోవలసి వచ్చింది. వంటింట్లో నేర్చుకొనే అవకాశం ఇంకా కొన్ని ఇళ్లలో ఉన్నది. కనుక సోదర సోదరీమణులకు నా విన్నపం ఒక్కటే. ఈ ఆదివారం బజారునుంచి కాయ తెచ్చినప్పుడు మీ ఇంటి పెద్దవారిని పక్కన కూర్చోబెట్టుకొని, వారు చెప్పే ప్రతి మాటా పిల్లలచేత తెలుగు అక్షరాలలో వ్రాయించండి. క్రెయోల్ మాట వస్తే దానినీ అలాగే వ్రాయించండి. అదీ మన చరిత్రే.