అటకెక్కిన ఉడుతల చరిత్ర

మన ఊళ్ళో ఏదైనా పని అటకెక్కిందంటే ఇక దాని సంగతి మర్చిపోవచ్చు. అమెరికాలో అటకెక్కినవి మాత్రం మర్చిపోనివ్వవు. తెల్లారకముందే మన నెత్తి మీద పరుగుపందేలు పెట్టుకుంటాయి. ఇక్కడ సొంతిల్లు కొనుక్కున్న తెలుగువాళ్ళు నలుగురు కలిస్తే గ్రీన్‌కార్డు, ఇళ్ళ ధరలు అయ్యాక ఎప్పుడో ఒకప్పుడు ఈ కబురు వస్తుంది. "మా యాటిక్‌లో ఏదో దూరిందండీ!" పక్కనున్నాయన సలహా కూడా తయారుగా ఉంటుంది. "చంపడం ఎందుకు, పాపం. బోను పెట్టి పట్టుకుని, పది మైళ్ళ అవతల ఏ పార్కులోనో వదిలేసి రండి."

వినడానికి ధర్మంగానే ఉంది. కానీ ఈ పట్టుకెళ్ళి వదిలేయడమనే పనికి చాలా పెద్ద చరిత్రే ఉంది. అది తెలిస్తే బోను కొనేముందు కాస్త ఆగుతాం.

ముందు ఉడుత సంగతి చూద్దాం. ఇక్కడి బూడిదరంగు ఉడుత మన రాములవారి ఉడుతకి నాలుగైదింతల బరువుంటుంది. ఒకప్పుడు ఇది అడవి జంతువు, రైతుకి శత్రువు. పెన్సిల్వేనియాలో 1749లో ఉడుతని చంపి తెస్తే తలకి మూడు పెన్నీలు ఇచ్చేవారు. ఆ ఏడాది ఎనిమిది వేల పౌండ్లు ఖర్చయ్యాయని స్వీడన్ యాత్రికుడు పెర్ కాల్మ్ రాశాడు. అప్పట్లో పౌండుకి 240 పెన్నీలు. లెక్కేస్తే 6,40,000 ఉడుతలు!

వందేళ్ళు తిరిగేసరికి కథ తలకిందులయింది. అదే పెన్సిల్వేనియాలో, ఫిలడెల్ఫియా నగరంలోని ఫ్రాంక్లిన్ స్క్వేర్‌లో 1847లో మూడు ఉడుతల్ని తెచ్చి వదిలారు. ఉండటానికి చెక్కపెట్టెలు, తినడానికి తిండీ పెట్టారు. పెరుగుతున్న నగరాల్లో పచ్చదనం, దాంతోపాటు ఒక ప్రాణీ కనిపిస్తే జనం మనసు మెత్తబడుతుందని అప్పటి పెద్దల నమ్మకం. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో 1877లో వదిలినవి, 1883 నాటికి సుమారు 1,500 అయ్యాయని అంచనా. పార్కు పక్కన ఇళ్ళు, ఇళ్ళకి చెక్క పైకప్పులు, చూరు కింద సందులు. ఉడుతకి మర్రితొర్రకీ మన యాటిక్‌కీ తేడా ఏముంది? అంటే మన నెత్తిమీదున్నది దారితప్పి వచ్చిన అడవి జంతువు కాదు. మనిషి పిలిచి, పెట్టె కట్టి, పల్లీలు పెట్టి కాపురం పెట్టించిన జీవి.

ఇదే ఉడుతని 1876లో ఇంగ్లండ్‌లోని చెషైర్‌లో ఒక శ్రీమంతుడు తన ఎస్టేటులో సరదాకి వదిలాడు. ఆయన తర్వాత మరికొందరూ అదే పని చేశారు. అక్కడి ఎర్ర ఉడుతకి తిండి పోటీ వచ్చింది, కొత్త ఉడుత మోసుకొచ్చిన వైరస్ జబ్బూ వచ్చింది. చాలా ప్రాంతాల్లో ఎర్ర ఉడుత మాయమయింది. 1937లో బ్రిటన్ ఈ ఉడుతల దిగుమతిని, పెంపకాన్ని చట్టం చేసి నిషేధించింది. ఇవాళ అక్కడ పట్టుకున్న బూడిదరంగు ఉడుతని తిరిగి బయట వదలడం నేరం.

ఉడుత కథ ఇలా ఉంటే, రకూన్ కథ ఇంకా ఘోరం. కళ్ళకి నల్ల గంతలు కట్టుకున్న దొంగలా ఉంటుందే, అదే. ఫ్లోరిడా ప్రాంతపు రకూన్లలో రేబిస్ 1950ల నుంచీ ఉంది. ఉత్తరాదికి మెల్లగా పాకుతోంది. ఈలోగా వేటగాళ్ళకి వేట తగ్గిపోయిందని దక్షిణాది రకూన్లని పట్టి, వందల మైళ్ళ అవతల వర్జీనియా కొండల వైపు తరలించారు. 1977లో వెస్ట్ వర్జీనియాలో ఆ రేబిస్ బయటపడింది. 1990కి న్యూయార్క్ రాష్ట్రానికి, 1992కి మసాచుసెట్స్‌కి చేరింది. దాన్ని పడమటికి పోకుండా ఆపడానికి టీకామందు నింపిన ఎరల్ని ఏటా విమానాల నుంచి చల్లుతూనే ఉన్నారు. ఒక మాడ్యూల్‌లోని బగ్గుని ఇంకో మాడ్యూల్‌లోకి కాపీ చేస్తే ఏమవుతుందో మా వృత్తిలోవాళ్ళకి వేరే చెప్పాలా!

పోనీ, వదిలేసిన జంతువైనా సుఖంగా ఉంటుందా అంటే అదీ లేదు. మేరీలాండ్‌లో పట్టి అడవిలో వదిలిన 38 ఉడుతల్ని గమనించి 2004లో ఒక అధ్యయనం ప్రచురించారు. వాటిలో 97 శాతం కొద్దిరోజుల్లోనే చచ్చిపోవడమో, అక్కణ్ణించి కనిపించకుండా పోవడమో జరిగింది. కొత్తచోట గూడు లేదు, దాచుకున్న గింజల్లేవు, స్థానిక ఉడుతలు రానివ్వవు. పైగా బోనులో చిక్కింది తల్లయితే పిల్లలు యాటిక్‌లోనే ఆకలితో పోతాయి. మసాచుసెట్స్‌లో పట్టిన జంతువుని మన స్థలం దాటించి వదలడమే చట్టవిరుద్ధం. ఇలాంటి నిబంధనలు ఇంకా చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి.

మరేం చెయ్యాలి? ముందు వచ్చిందెవరో తెలుసుకోవాలి. పగటిపూట, ముఖ్యంగా పొద్దున్నే చకచకా పరుగులు వినిపిస్తే ఉడుత. రాత్రి ఎవరో మనిషి నడుస్తున్నట్టు బరువైన అడుగులైతే రకూన్. రాత్రి సన్నగా గీకుడైతే ఎలుక. చీకటిపడే వేళ చూరు సందులోంచి ఒక్కొక్కటే ఎగిరిపోతుంటే గబ్బిలాలు. ఉడుత కరెంటు తీగలు కొరుకుతుంది కాబట్టి రోజులు వాయిదా వెయ్యకండి. రకూన్ రెట్టలో ప్రమాదకరమైన పురుగు గుడ్లుంటాయి, ఊరికే చీపురేసి ఊడ్చకండి. పడుకున్న గదిలో గబ్బిలం కనిపిస్తే దాన్ని వదిలెయ్యకుండా, ఒట్టి చేత్తో ముట్టకుండా వెంటనే ఆరోగ్యశాఖకి ఫోన్ చెయ్యండి. కాటు కనిపించకపోయినా రేబిస్ భయం ఉంటుంది.

వచ్చిన దారి కనిపెట్టాక, ఆ కన్నానికి బయటికి మాత్రమే తెరుచుకునే తలుపు బిగిస్తారు. జంతువు తిండికని తనే బయటికి పోతుంది, మళ్ళీ లోపలికి రాలేదు. అయితే పిల్లలుంటే అవి తల్లితో తిరిగేదాకా ఆగాలి. ఉడుతలకి చలికాలం చివర ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి పిల్లలు పుడతాయి. గబ్బిలాలైతే ఎండాకాలమంతా ఆగాల్సిందే. అందరూ వెళ్ళారని నమ్మకం కుదిరాక కన్నాన్ని గట్టి ఇనపజాలీతో మూసెయ్యాలి. దగ్గర్లో చెట్టుకొమ్మ పైకప్పుని తాకుతుంటే అదీ కొట్టించాలి. ఉడుత తనకి తెలిసిన పేటలోనే ఇంకో చెట్టు చూసుకుంటుంది. దానిమీద జాలి ఉన్నవాళ్ళు దానికి చెయ్యగలిగిన మేలు ఇదే.