కార్బమేట్ పురుగుమందులు

కార్బమేట్లు కార్బమిక్ ఆమ్లం నుంచి ఏర్పడే ఎస్టర్లు. ఈ తరగతి పురుగుమందులకు పశ్చిమ ఆఫ్రికాలోని కలబార్ గింజలో దొరికే ఫైసోస్టిగ్మిన్ మూలాదర్శం. ఇవి నాడుల్లో అసిటైల్‌కోలినెస్టరేజ్ ఎంజైమును అడ్డుకుంటాయి. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందుల బంధంతో పోలిస్తే ఎంజైముతో వీటి బంధం కొద్ది గంటల్లోనే విడిపోతుంది.

ఉయ్యూరు, గుడివాడ ప్రాంతాల వరి రైతులకు పరిచయమైన కార్బోఫ్యురాన్ 3జి గుళికలు ఈ తరగతివే. నారు తీసే వారం ముందు సెంటు నారుమడికి 160 గ్రాములు, పలుచగా నీరుంచి చల్లాలన్నది కాండం తొలుచు పురుగుకు చేసిన సిఫారసు. కార్బోఫ్యురాన్ శాస్త్రీయ నామం 2,3-డైహైడ్రో-2,2-డైమిథైల్-1-బెంజోఫ్యురాన్-7-ఇల్ మిథైల్‌కార్బమేట్. అంకెలు వలయంలో ఏ భాగం ఎక్కడుందో చూపుతాయి, చివరి పదం తరగతిని చెబుతుంది. 'కార్బోఫ్యురాన్' ప్రామాణిక సాధారణ నామం, 'ఫ్యూరడాన్' వ్యాపార నామం.

రైతుకు వ్యాపార నామం చాలదా అన్న అభ్యంతరం ఉంది. అంగట్లో కొనడానికి చాలు, విషం సోకితే చికిత్సకు చాలదు. కార్బమేట్ విషానికి అట్రోపిన్ ఇస్తారు. అందుకే వైద్యుడికి తరగతి తెలియాలి. అయితే నిర్మాణ నామం ఒక్కటే చూసినా పొరపడవచ్చు. అదే వరిలో గుళికలుగా వాడే కార్టాప్ థయోకార్బమేటే అయినా కోలినెస్టరేజ్‌పై కాక నికోటినిక్ గ్రాహకాలపై పనిచేస్తుంది. మాంకోజెబ్ డైథయోకార్బమేట్, కానీ అది శిలీంద్రనాశిని. కనుక పేరుతో పాటు పనిచేసే విధానమూ చూడాలి.

ఈ తరగతిలోని కార్బరిల్‌ను భారత ప్రభుత్వం 2018లో, మెథోమిల్‌ను 2023లో నిషేధించింది. కార్బోఫ్యురాన్‌పై నిషేధం నుంచి 3 శాతం పూత గుళికలకు మాత్రమే మినహాయింపు ఉంది.