పలక జారుతోంది

నిచ్చెన ఎక్కండి. గాలి ఎక్కువగా ఉంది, గోడకు ఒక చెయ్యి ఆనించే ఉంచండి. వేళ్లకు తగులుతున్న సన్నటి గుండ్రటి రవ్వలు చేపగుడ్లలా ఉన్నాయి కదూ? దాదాపు 17 కోట్ల ఏళ్ల కిందట, లోతులేని వెచ్చటి సముద్రంలో పేరుకున్న సున్నపురాయి అది. ఇంగ్లండ్‌లోని కాట్స్‌వోల్డ్స్ కొండల్లో ఊళ్లకు ఊళ్లు ఈ తేనెరంగు రాతితోనే లేచాయి.

ఇది బైబరీ. కింద పారేది కోల్న్ నది. అదిగో, ఆర్లింగ్టన్ రో. 1380 ప్రాంతంలో ఉన్ని నిల్వకు కట్టిన కొట్టు అది. 17వ శతాబ్దంలో నేతగాళ్ల ఇళ్లుగా మారింది. ఎంత అందమైన వరసో! కానీ మీ పని ఈ కప్పు మీద.

ఇదీ రాయే. చూరు దగ్గర పెద్ద పలకలు, పైకి పోయేకొద్దీ చిన్నవి. ఎక్కువ బరువు గోడ మీదే పడుతుంది, గనిలో దొరికిన ఏ ముక్కా వృథా కాదు. రాయి నీళ్లు పీలుస్తుంది, అందుకే వాన నిలవకుండా కప్పు ఇంత ఏటవాలుగా ఉంది.

పలకను మెల్లగా ఎత్తండి. పైఅంచున ఒక చిల్లు, అందులో ఓక్ చీల, ఆ చీల అడ్డబద్దకు తగులుకుని ఉంది. ఇంత బరువుకూ ఆధారం అదొక్కటే. వేలితో నొక్కండి.

మెత్తగా ఉంది. కుళ్లింది.

పలక కదిలింది.

కింద దారి. దారిలో మనిషి.

వదలకండి. మోకాలు అడ్డం పెట్టండి. అరవండి.

ఆ మనిషి తప్పుకున్నాడు. జేబులోంచి కొత్త చీల తీయండి. చిల్లులో దూర్చండి. బద్దకు తగిలించండి.

నిలిచింది.

ఇప్పుడు చూరు కింద గోడ చూడండి. ఎవరో సిమెంటుతో పూడ్చిన సందు చెక్కుచెదరలేదు. దాని చుట్టూ రాయి మాత్రం పెళ్లలుగా రాలుతోంది. సిమెంటు లోపలి తడిని బయటికి పోనివ్వదు. తడి రాతిలోకి మళ్లుతుంది, చలికాలంలో గడ్డకట్టి ఉబ్బుతుంది, రాతి ముఖాన్ని పగలగొడుతుంది. ఇంటిని కాపాడాలనే చేసుంటారు, అదే బాధ.

మీ దగ్గర రెండు బకెట్లున్నాయి, ఒకదాంట్లో సిమెంటు, ఇంకోదాంట్లో సున్నం. సిమెంటు సాయంత్రానికే గట్టిపడుతుంది. సున్నానికి వారాలు పడుతుంది, కానీ గోడకు ఊపిరాడుతుంది.

సున్నం అందుకోండి. సందులోని పాత సిమెంటు చెక్కి తీసేసి, తడిపి, ముద్దను లోపలిదాకా నొక్కండి. మబ్బు పట్టింది, గోనెపట్టా కప్పండి. పై వరసలో ఇంకో పలక వంకరగా ఉంది. దాని చీల కూడా తడిమి చూడండి.