మంజీర సీమలో గురిరేఖలు

సర్వే అధికారి జార్జ్ ఎవరెస్టు 1847లో వెలువరించిన సర్వే గ్రంథం శీర్షికలోనే మూడు అక్షాంశాలు ఉన్నాయి. వాటిలో అన్నిటికన్నా దక్షిణాన ఉన్నది 18 డిగ్రీల 3 నిమిషాల 15 సెకన్లు. అది దామరగిద్ద అనే సర్వే స్థానానిది. మిగిలిన రెండూ మధ్యభారతంలోని కల్యాణ్‌పూర్‌వి, గంగా మైదానంలోని కలియానావి. దామరగిద్ద బీదర్‌కు ఈశాన్యాన, నేటి మనూర్, నారాయణఖేడ్ ప్రాంతంలో, మంజీర పరీవాహక సీమలో ఉంది. నారాయణఖేడ్ పట్టణం అక్షాంశం కూడా దాదాపు అదే. నిజాం రాజ్యంలో బీదర్ జిల్లాలో ఉండి, 1956లో మెదక్ జిల్లాకు, 2016లో సంగారెడ్డి జిల్లాకు మారిన ఈ తాలూకా, భూమి ఆకారాన్ని నిర్ణయించడానికి జరిగిన కొలతల్లో ఒక కొసగా నిలిచిన సంగతి స్థానిక చరిత్రలలో అంతగా ప్రస్తావనకు రాదు.

డిగ్రీలో అరవయ్యో వంతు నిమిషం, నిమిషంలో అరవయ్యో వంతు సెకను. అక్షాంశంలో ఒక్క సెకను తేడా వస్తే నేల మీద దాదాపు 31 మీటర్ల తేడా వచ్చినట్టే. అంత చిన్న కోణాన్ని పట్టుకోవడానికి దుర్భిణి ఒక్కటే చాలదు. దాని కంటికి కనిపించే వలయంలో సరిగ్గా ఏ బిందువు వైపు చూస్తున్నామో చెప్పే గుర్తు ఒకటి కావాలి. ఆ గుర్తే గురిరేఖ, వేటగాళ్లూ సైనికులూ నేడు రెటికిల్ అంటున్నది. ముందు కటకం దూరపు దృశ్యానికి ఒక చిన్న ప్రతిబింబాన్ని గొట్టం లోపలే ఏర్పరుస్తుంది. ఆ ప్రతిబింబం పడే తలంలోనే సన్నని పోగులను అడ్డంగా, నిలువుగా బిగిస్తే, కంటి కటకం దృశ్యాన్నీ పోగులనూ ఒకే స్పష్టతతో చూపిస్తుంది. 1640 ప్రాంతంలో ఇంగ్లండుకు చెందిన విలియం గాస్కోయిన్ దుర్భిణి లోపల సాలీడు అల్లిన పోగు దృశ్యంతో పాటు స్పష్టంగా కనిపించడం గమనించి ఈ సూత్రాన్ని వాడుకలోకి తెచ్చాడు. మరసీల సాయంతో రెండు అంచులను జరిపి కోణాన్ని కొలిచే మైక్రోమీటరు కూడా అతనిదే. 1644లో మార్‌స్టన్ మూర్ యుద్ధంలో అతను చనిపోవడంతో ఆ పని చాలాకాలం మరుగున పడింది.

పోగు మందం ఎంత అన్నది ఇక్కడ అసలు ప్రశ్న. మందాన్ని మిల్లీమీటర్లలో చెబితే సర్వేదారుకు ఒరిగేది ఏమీ లేదు, అది దృశ్యంలో ఎంత కోణాన్ని కప్పేస్తుందో తెలియాలి. ముందు కటకం నుంచి ప్రతిబింబం వరకు ఉండే నాభ్యంతరం మూడడుగులు అనుకుంటే, 0.07 మిల్లీమీటర్ల మందమున్న తలవెంట్రుక దాదాపు 16 సెకన్ల కోణాన్ని కప్పుతుంది. అంటే 20 మైళ్ల దూరంలో నిలబెట్టిన జెండా చుట్టూ ఎనిమిది అడుగుల వెడల్పు దాని వెనుక దాగిపోతుంది. 0.005 మిల్లీమీటర్ల సాలెపోగు కప్పేది ఒక్క సెకను పైచిలుకు, అదే దూరంలో ఏడు అంగుళాలు. 18వ శతాబ్ది చివర అమెరికాలో డేవిడ్ రిటెన్‌హౌస్, ఆపై లండన్‌లో ఎడ్వర్డ్ ట్రౌటన్ వెండి తీగలనూ పట్టుదారాన్నీ పక్కనపెట్టి సాలెపోగును ఆశ్రయించడానికి కారణం ఈ లెక్కే. అయితే పోగు గాలిలోని తేమకు సాగి వదులవుతుంది, బిగువు తప్పితే వంగుతుంది, అప్పుడు తీసేసి కొత్త పోగును లాగి అంటించాలి. వానలు తగ్గాక గాలి తేటపడుతుందని ఆ రుతువులోనే పరిశీలనలు జరిపే సర్వేకు ఇది చిన్న తలనొప్పి కాదు.

1802 ఏప్రిల్‌లో మద్రాసు పరంగిమలై దగ్గర ఆధారరేఖను కొలిచి విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన త్రికోణ సర్వే 1815 నాటికి బీదర్ ప్రాంతానికి చేరింది. ఆధారరేఖ అంటే నేల మీద గొలుసుతో నేరుగా కొలిచిన ఒక పొడవు. అది ఒక్కటీ తెలిస్తే, మిగిలిన త్రిభుజాల భుజాలన్నిటినీ కోణాల నుంచే లెక్కకట్టవచ్చు. లాంబ్టన్ పరికరాల రాకపోకలే ఒక కథ. వంద అడుగుల ఉక్కు గొలుసు చైనా చక్రవర్తికి కానుకగా వెళ్లి, అక్కడ ఆదరణ దొరకక కలకత్తాకు చేరింది. విలియం కేరీ చేసిన, అడ్డు కోణాలను కొలిచే వృత్తమే 36 అంగుళాలున్న, అర టన్ను బరువైన థియోడలైట్ సముద్రంలో ఫ్రెంచివారి చేతికి చిక్కి మారిషస్‌కు వెళ్లింది, ఆపై అక్కడి గవర్నరు మర్యాదగా దాన్ని మద్రాసుకు పంపించాడు. 1808లో తంజావూరు గోపురం మీదికి ఎక్కిస్తుండగా తాడు తెగి ఆ వృత్తం వంకరపోతే, లాంబ్టన్ వారాల తరబడి కూర్చుని తానే సరిచేశాడు. దేశంలోని రాజులను జయించడానికి సైన్యం వాడినదానికన్నా ఎక్కువ ఓపిక ఈ ఒక్క యంత్రం మీద ఖర్చయిందంటే అతిశయోక్తి కాదు.

బీదర్ దగ్గర ఆధారరేఖను కొలిచిన ఏడాదే లాంబ్టన్ దామరగిద్దలో నక్షత్రాల ఎత్తులు పరిశీలించి అక్షాంశాన్ని తేల్చాడు. కన్యాకుమారి సమీపంలోని పున్నె నుంచి ఇక్కడి వరకు, దాదాపు పది డిగ్రీల నిడివి గల చాపానికి ఉత్తరపు కొస అప్పుడు ఇదే. 1818లో ఈ సర్వేకు మహా త్రికోణమితి సర్వే అని పేరొచ్చింది. ఆ ఏడాదే హైదరాబాదులో సహాయకుడిగా చేరిన ఎవరెస్టు మరుసటి ఏడు కృష్ణా గోదావరుల నడిమి అడవుల్లో జ్వరపడి, ఆరోగ్యం కోసం గుడ్‌హోప్ అగ్రానికి వెళ్లవలసి వచ్చింది. 1823 జనవరిలో హింగన్‌ఘాట్‌లో లాంబ్టన్ మరణించాక బాధ్యత ఎవరెస్టుది. పాత యంత్రాలకు తిరిగి ప్రాణం పోసినవారిలో ఆర్కాటుకు చెందిన సయ్యద్ మొహ్సిన్ హుసేన్ ముఖ్యుడు; ఎవరెస్టు దొరల పనితనాన్ని కూడా అంత సులువుగా మెచ్చుకునే మనిషి కాదు కనుక, ఆయన మొహ్సిన్‌ను నమ్మడం గమనించదగ్గది.

సర్వేదారు పోగుల నుంచి తుపాకీ దుర్భిణిలోని గీతలకు దూరం చాలా తక్కువ. రెండు పోగుల మధ్య ఎడాన్ని నాభ్యంతరంలో నూరో వంతుగా బిగిస్తే, వాటి నడుమ కనిపించే కొలబద్ద పొడవును వందతో హెచ్చించగానే దూరం వచ్చేస్తుంది; కాలువలూ రోడ్లూ వేసే ఇంజనీర్లు డంపీ లెవెల్‌లో నిన్నమొన్నటిదాకా వాడింది ఇదే పద్ధతి. రైఫిల్ స్కోపులో ఆ ఎడాన్ని మిల్ అనే కోణంలో చెబుతారు. వెయ్యి మీటర్ల దూరంలో ఒక మీటరు ఎంత కోణంలో కనిపిస్తుందో అది ఒక మిల్; వంద మీటర్ల దగ్గర అది 10 సెంటీమీటర్లు. రెండో కొలమానం ఒక నిమిషపు కోణం, వంద మీటర్ల దగ్గర 2.9 సెంటీమీటర్లు. 8 మీటర్ల కరెంటు స్తంభం 10 మిల్‌ల ఎత్తున కనిపిస్తే అది 800 మీటర్ల అవతల ఉన్నట్టు. పూర్తి వృత్తంలో మిల్‌లు నిజానికి 6283, నాటో సైన్యాలు లెక్క సులువుకు 6400 అంటే, సోవియట్ సైన్యం 6000 అంది. ఏ మిల్‌నో తెలియకుండా గీతలు లెక్కపెట్టినవాడు దూరాన్ని పదిహేనో వంతు దాకా తప్పు చెబుతాడు.

కాబట్టి స్కోపు తయారీదారు కాగితం మీద రాసిన కొలతను నమ్మడం కన్నా స్వయంగా కొలుచుకోవడం మేలు. స్కోపును తుపాకీ నుంచి విప్పి దిమ్మ మీద కదలకుండా బిగించి, టేపుతో కచ్చితంగా కొలిచిన వంద మీటర్ల దూరంలో సెంటీమీటర్ల గీతలున్న పలకను నిలబెట్టి, ఒక గీత నడిమి నుంచి మరో గీత నడిమి దాకా ఎన్ని సెంటీమీటర్లు ఇమిడాయో చదవాలి. ఒక గీత లోపలి అంచు నుంచి మరో గీత లోపలి అంచుకు కొలిస్తే గీత మందం లెక్కలోంచి జారిపోతుంది. మందాన్ని విడిగా కొలవాలి: 0.05 మిల్ గీత కిలోమీటరు అవతల 5 సెంటీమీటర్లను కప్పేస్తుంది. గీతలు ముందరి ప్రతిబింబ తలంలో ఉంటే దృశ్యాన్ని ఎంత పెంచి చూసినా వాటి విలువ మారదు. వెనుక తలంలో ఉంటే నిర్ణీతమైన ఒక్క పెంపు వద్దే అది సరి, పది రెట్లకు గీసిన మిల్ అయిదు రెట్ల వద్ద రెండు మిల్‌లు అవుతుంది. 

సర్వేదారులు కూడా తమ గురిరేఖలకు పరీక్ష తామే పెట్టుకున్నారు: కోణాల నుంచి లెక్కకట్టిన పొడవును నేల మీద కొలిచి చూశారు. అయితే లోహం ఎండకు సాగుతుంది, గొలుసు పొడవు మారుతుంది. అందుకని ఎవరెస్టు ఇత్తడి, ఇనుప కడ్డీలను జతచేసిన పదేసి అడుగుల కొలబద్దలను ఇంగ్లండు నుంచి 1830లో వెంట తెచ్చాడు. రెండింటి వ్యాకోచమూ వేరైనా వాటి కొసల మీది చుక్కల మధ్య దూరం స్థిరంగా ఉండేలా వాటిని అమర్చారు. కొలబద్దకూ కొలబద్దకూ మధ్య ఆరంగుళాల ఖాళీని అడ్డపోగులున్న సూక్ష్మదర్శినులతో కొలిచేవారు. ఆరు కొలబద్దలు, వాటి ఎడాలు కలిపి 63 అడుగులు. ఆ కొలబద్దలతోనే 1841లో ఎవరెస్టు సహాయకుడు ఆండ్రూ వా బీదర్ ఆధారరేఖను మళ్లీ కొలిచాడు. మధ్యభారతంలోని సిరోంజ్ ఆధారరేఖ నుంచి వందల మైళ్ల పొడవునా కోణాలు మాత్రమే కొలుచుకుంటూ వచ్చి లెక్కకట్టిన పొడవుకూ, నేల మీద కొలిచిన పొడవుకూ మధ్య, దాదాపు ఎనిమిది మైళ్ల రేఖలో, తేడా జానెడు కూడా రాలేదు.