కార్బొరేటర్ బండికి బయటి ఎయిర్ ఫిల్టర్: కొనే ముందు తెలుసుకోవాల్సినవి

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధనలు వచ్చాక కొత్త బైకులు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌తోనే వస్తున్నాయి. అయినా అనంతగిరి, కోదాడ రోడ్ల మీద పాత స్ప్లెండర్లు, ప్యాషన్లు, పల్సర్లు, అక్కడక్కడా ఒక ఆర్ఎక్స్ 100 తిరుగుతూనే ఉన్నాయి. వీటిలో చాలా బండ్ల మీదే ఇంటి సంపాదన నడుస్తుంది. పికప్ తగ్గిందనగానే కుర్రాళ్లు అడిగే మొదటి మాట: "భాయ్, కోన్ ఫిల్టర్ వేస్తే లాగుతుందా?"

లాగొచ్చు. కానీ ముందు సీటు కిందో, సైడ్ కవర్ వెనకో ఉన్న కంపెనీ ఫిల్టర్ తీసి చూడాలి. మిర్యాలగూడ వైపు రైస్ మిల్లుల ఊక దుమ్ము, మేళ్లచెరువు వైపు సిమెంటు లారీల దుమ్ము, కోతల రోజుల్లో పొలం దుమ్ము. ఇన్ని తిన్న ఫిల్టర్ మూసుకుపోతే ఏ బండైనా మొరాయిస్తుంది. కొత్త పేపర్ ఫిల్టర్ వేస్తే సగం కేసులు అక్కడే తేలిపోతాయి. నూనె పట్టించిన పేపర్ ఫిల్టర్‌ను కడగకూడదు, గాలి కొట్టి మళ్లీ వేయకూడదు, మార్చేయాలి. ఫోమ్ ఫిల్టర్ అయితే కడిగి, ఆరబెట్టి, నూనె రాసి పిండి వేసుకోవచ్చు.

ఇక అసలు సంగతి. పెట్రోలు సరిగ్గా మండాలంటే బరువులో 1 వంతు పెట్రోలుకు దాదాపు 14.7 వంతుల గాలి కావాలి. ఇంజెక్షన్ బండిలో సెన్సర్లు కొంతవరకు సర్దుకుంటాయి. కార్బొరేటర్‌కు ఆ తెలివి లేదు. జెట్‌కు ఉన్న రంధ్రం ఎంతో పెట్రోలు అంతే. గాలి పెరిగి పెట్రోలు పెరగకపోతే మిశ్రమం పలచబడుతుంది, దాన్నే మిస్త్రీలు 'లీన్' అంటారు. ఇంజన్ వేడెక్కుతుంది, యాక్సిలేటర్ వదిలినప్పుడు సైలెన్సర్ ఫట్ ఫట్‌మంటుంది, ముదిరితే పిస్టన్ పట్టేస్తుంది. బోరు, పిస్టన్ ఖర్చు ముందు ఫిల్టర్ ధర ఏ మూలకు?

కాబట్టి ఫిల్టర్ ఒక్కటే కొనడం సగం పని. మెయిన్ జెట్, అవసరమైతే పైలట్ జెట్ ఒకటి రెండు సైజులు పెంచాలి. జెట్లు ఆ కార్బొరేటర్ కంపెనీవే అయి ఉండాలి, ఎందుకంటే మికునీ, కీహిన్ నంబర్ల లెక్క ఒకటి కాదు. పాత రంధ్రాన్ని సూదితో పెద్దది చేసే మిస్త్రీ దగ్గర బండి పెట్టకపోవడమే మేలు. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు చోక్ కొద్దిగా లాగితే బండి ఇంకా బాగా నడిచిందంటే పెట్రోలు చాలడం లేదని అర్థం. ప్లగ్ చూసినా తెలుస్తుంది: తెల్లబారితే లీన్, మసిబారితే రిచ్, ఇటుక రంగు లేదా లేత గోధుమ రంగుంటే సరిపోయినట్టు.

కార్బొరేటర్ రకం కూడా చూసుకోవాలి. పైన రబ్బరు డయాఫ్రమ్ ఉండి, వాక్యూమ్‌తో స్లైడ్ లేచే సీవీ రకానికి ఎయిర్ బాక్స్‌లోని నిలకడైన గాలి కావాలి. బాక్స్ తీసేసి కోన్ తగిలిస్తే మధ్య స్పీడులో తడబడుతుంది, ఎన్ని జెట్లు మార్చినా కుదరడం కష్టం. ఇలాంటి బండికి బాక్స్‌లోనే కూర్చునే కాటన్ ఫిల్టర్ మంచిది. దానికి ఆ ఫిల్టర్ కోసం అమ్మే నూనే రాయాలి, అదీ పలచగా. ఎక్కువైతే దారి మూసుకుంటుంది, అసలు లేకపోతే సన్న దుమ్ము లోపలికి పోతుంది.

టూ స్ట్రోక్ ఆర్ఎక్స్ 100కు ఇంకా జాగ్రత్త కావాలి. దాంట్లో గాలి క్రాంక్‌కేస్ గుండా వెళ్తుంది కనుక దుమ్ము పిస్టన్‌తో పాటు బేరింగులనూ తింటుంది. ఫోర్ స్ట్రోక్‌లో ఎయిర్ బాక్స్ తీస్తే బ్రీదర్ పైపు తెరుచుకుని ఉండిపోతుంది, దానికి చిన్న ఫిల్టర్ తప్పనిసరి. వానల సంగతీ ఉంది. 2024 సెప్టెంబర్ మొదట్లో కోదాడ చుట్టూ నీళ్లు ఎలా వచ్చాయో అందరూ చూశారు. కార్బొరేటర్ వెనక బయటికి ఉన్న కోన్, నీళ్లలో దిగితే నేరుగా ఇంజన్‌కే తాగిస్తుంది.

కోన్ వేయక తప్పదనుకుంటే కార్బొరేటర్ మూతి బయటి కొలత మిస్త్రీతో తీయించి, అదే సైజు రబ్బరు మెడ, గట్టి క్లాంపు ఉన్నది తీసుకోవాలి. ఏ బండికైనా సరిపోతుందని చెప్పి అమ్మేవాటిలో మెడ వదులై, పక్క సందులోంచి దుమ్ము పోతుంది. పొల్యూషన్ చెకింగ్‌లో 2000 మార్చి తర్వాత తయారై బీఎస్-4 రాకముందు వచ్చిన టూ వీలర్‌కు కార్బన్ మోనాక్సైడ్ 3.5 శాతం దాటకూడదు. జెట్ మరీ పెంచితే అక్కడ ఆగిపోతుంది. తీసిన ఎయిర్ బాక్స్‌ను, పాత జెట్లను మాత్రం పాత సామాన్లకు అమ్మకుండా ఇంట్లోనే ఉంచాలి, తిరిగి బిగించాల్సి వస్తే అవే కావాలి.