చెవికి మార్కులు లేని చదువు

మొఘల్‌పురా పిల్లల చెవులకు తీరిక ఉండదు. ఇంట్లో దక్కనీ, గడప దాటితే తెలుగు, చాలా ఇళ్ల పిల్లలకు సాయంత్రం అరబ్బీ పారాయణం, టీవీలో బొంబాయి హిందీ. చార్మినార్ నీడకు కాస్త దక్షిణాన ఉన్న ఈ గల్లీల్లో బడి ఈడు రాకముందే ఒక భాషలో అడిగినదానికి ఇంకో భాషలో బదులు చెప్పడం అలవాటైపోతుంది. ఖురాన్ కంఠస్థం చేసే పిల్లవాడు ఒక్క అచ్చు పొడవు తేడా వచ్చినా పట్టేస్తాడు. ఇంత పదునైన చెవి ఉన్నవాళ్లకు ఇంగ్లిషు వచ్చో రాదో తేల్చడానికి ఈ నగరం వందేళ్లకు పైగా చేసిన పని ఒక్కటే. చేతికి ప్రశ్నపత్రం ఇచ్చింది, జవాబు రాయమంది. ఏదైనా వినిపించి, ఏం అర్థమైందో చెప్పమన్నది చాలా అరుదు.

ఈ అలవాటుకు మూలం మద్రాసులో ఉంది. నిజాం దీవాన్ మొదటి సాలార్‌జంగ్ కాలంలో, 1850లలో, దారుల్ ఉలూమ్ అనే బడి మొదలైంది. ఆ తర్వాత మదర్సా-ఎ-ఆలియా వచ్చింది. 1887లో నిజాం కళాశాల ఏర్పడి మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధమైంది. 1947 దాకా ఆ బంధం తెగలేదు. అంటే నిజాం రాజ్యంలో కూర్చుని చదివే విద్యార్థి ఇంగ్లిషు ఎంతపాటిదో ఎక్కడో బ్రిటిషు ఇలాకాలో ఉన్న పరీక్షకుడు నిర్ణయించేవాడు. ఆయనకు ఆ విద్యార్థి గొంతు వినపడదు, ముఖం కనపడదు. చేతికి అందేది జవాబుపత్రం ఒక్కటే. దూరం నుంచి దిద్దే పరీక్షలో రాత తప్ప మరొకటి కొలవడం అప్పట్లో సాధ్యం కాదు. ఆ ఇబ్బందిని తప్పుపట్టలేం. అది తీరిపోయాక కూడా పద్ధతి మారకపోవడమే నన్ను బాధించే విషయం.

ఆ పరీక్ష రాసిన హైదరాబాదీల్లో అందరికన్నా పేరున్నది సరోజినీ నాయుడు. నిజాం కళాశాల తొలి ప్రిన్సిపాల్ అఘోరనాథ్ చటోపాధ్యాయ కూతురు. పన్నెండేళ్ల వయసులో మద్రాసు మెట్రిక్యులేషన్‌లో ప్రెసిడెన్సీ మొత్తానికి మొదటి స్థానం తెచ్చుకుంది. ఈ సంగతి పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. దాని వెనకున్న సంగతి అంతగా ప్రచారంలో లేదు. చిన్నప్పుడు తాను ఇంగ్లిషు మాట్లాడనని మొండికేశానని, తొమ్మిదేళ్లప్పుడు తండ్రి ఒక రోజంతా గదిలో పెట్టి తలుపు వేశాడని, బయటికి వచ్చాక ఆయనతో ఇంగ్లిషు తప్ప మాట్లాడలేదని ఆమే తర్వాత ఇంగ్లిషు కవి ఆర్థర్ సైమన్స్‌కు రాసింది. ఆ మాటలు 1905లో వచ్చిన ఆమె తొలి కవితా సంపుటి ముందుమాటలోకి ఎక్కాయి. తల్లి మాత్రం కూతురితో ఎప్పుడూ హిందుస్తానీలోనే మాట్లాడేదట.

ఆ శిక్షను మెచ్చుకోలేను. కానీ ఒక్క రోజు గదిలో ఉన్నంత మాత్రాన ఎవరికీ భాష రాదు. ఆ భాష అప్పటికే ఆ పిల్ల చెవిలో ఉంది. ఇంట్లో తండ్రి మాట, వచ్చేపోయే పెద్దల సంభాషణ ఏళ్ల తరబడి వింటూ పెరిగింది. నోరు విప్పడమే మిగిలింది. మూడేళ్ల తర్వాత ఆమె ప్రెసిడెన్సీలో మొదటి స్థానంలో నిలిచినప్పుడు పరీక్ష కొలిచింది రాతను, గెలిపించింది చెవి. ఇంట్లో ఇంగ్లిషు వినపడని పిల్లలకు అదే పరీక్ష కొండంత బరువైంది. ఆ తేడా నేటికీ చెరగలేదు.

పాత బడుల్లో చెవికి చోటే లేదనడం న్యాయం కాదు. ఉర్దూ మీడియంలో ఇమ్లా, తెలుగు మీడియంలో ఉక్తలేఖనం, ఇంగ్లిషు పీరియడ్‌లో డిక్టేషన్ ఉండేవి. మాస్టారు చదువుతుంటే పలకల మీద, తర్వాత నోటుపుస్తకాల్లో రాసేవాళ్లు. తప్పులకు సున్నాలు చుట్టేవాళ్లు, ఒక్కో తప్పు పదిసార్లు రాయించేవాళ్లు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం 1913లో విదేశీయుల కోసం మొదటి ఇంగ్లిషు ప్రావీణ్య పరీక్ష పెట్టినప్పుడు కూడా అందులో అరగంట డిక్టేషన్ ఉంది. ఆ ఏడాది రాసింది ముగ్గురే. 1961లో అమెరికన్ భాషావేత్త రాబర్ట్ లాడో డిక్టేషన్ కొలిచేది చాలా తక్కువని కొట్టిపారేశారు. పదేళ్లకు జాన్ ఆలర్ దానికి ఎదురు వాదించారు. మాటల ప్రవాహాన్ని మనసులో ముక్కలు చేసి, అర్థం పట్టుకుని, మళ్లీ కాగితం మీద కట్టడం భాష మొత్తాన్నీ వాడే పని అన్నది ఆయన వాదన. మన మాస్టార్లు ఆ వ్యాసాలు చదివి ఉండరు. అయినా తరగతిలో డిక్టేషన్ వదల్లేదు. బోర్డు పరీక్ష మాత్రం దానికి మార్కులివ్వలేదు. మార్కులు లేనిది బడిలో ఎంతకాలం నిలుస్తుంది? పదో తరగతికి వచ్చేసరికి గైడ్లు, మోడల్ పేపర్లు, బిట్ పేపర్లు దాన్ని మూలకు నెట్టేశాయి.

చదవడానికి ఇంత పెద్దపీట వేయడం వెనక ఒక దయగల వాదన కూడా ఉంది. బెంగాల్లో పనిచేసిన మైకేల్ వెస్ట్ 1926లో అచ్చయిన తన గ్రంథంలో ఒక ప్రశ్న వేశారు. చదువు సగంలో మానేసే పిల్లవాడికి, ఆ మానేసిన రోజున చేతిలో ఏం మిగులుతుంది? మాట్లాడే అవసరం అతనికి రాకపోవచ్చు. చదవడం వస్తే పుస్తకాలన్నీ అతనివే అవుతాయి. కాబట్టి ముందు చదవడం నేర్పండి అన్నారు. అప్పటి బెంగాల్ పల్లెకు అది సరిపోయే మాటే. ఇక్కడ హైదరాబాదులో, 1918లో ఏర్పడ్డ ఉస్మానియా విశ్వవిద్యాలయం పాఠాలన్నీ ఉర్దూలో చెబుతూ ఇంగ్లిషును తప్పనిసరి భాషగా ఉంచింది. జ్ఞానం మన భాషలో, బయటి ప్రపంచానికి కిటికీగా ఇంగ్లిషు. ఆ ఆలోచన గొప్పతనం ఇప్పటికీ మనం పూర్తిగా గుర్తించలేదు. 1948 తర్వాత విశ్వవిద్యాలయం ఇంగ్లిషు మీడియంలోకి మారింది. పుస్తకంగా చదువుకున్న భాషను ఇక క్లాసులో చెవితో అందుకోవాల్సి వచ్చింది. పాతబస్తీ ఉర్దూ మీడియం బడి నుంచి కాలేజీకి వెళ్లినవాళ్లకు ఎదురైన మొదటి గోడ లెక్చరర్ మాట. అచ్చులో ఉంటే అర్థమయ్యే వాక్యమే మాటగా వస్తే జారిపోయేది.

ఇదే నగరంలో, మూసీకి ఆవలి ఒడ్డున, ఉస్మానియా ప్రాంగణం పక్కన 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ మొదలైంది. కన్నడ కవి వి.కె.గోకాక్ తొలి ఏళ్లలో డైరెక్టరుగా ఉన్నారు. తర్వాత అది సీఫెల్ అయింది, 2007 నుంచి కేంద్రీయ విశ్వవిద్యాలయంగా ఇఫ్లూ అయింది. దేశం నలుమూలల నుంచి ఇంగ్లిషు టీచర్లు శిక్షణకు వచ్చిన చోటు అది. అక్కడి ధ్వనిశాస్త్ర ఆచార్యుడు ఆర్.కె.బన్సల్ చేసిన పరిశోధన నాకెంతో ఇష్టం. భారతీయులు మాట్లాడే ఇంగ్లిషు ఇతరులకు ఎంత అర్థమవుతుందో ఆయన కొలిచారు. మాటలు రికార్డు చేశారు, శ్రోతలకు వినిపించారు, ఎంత పట్టుకున్నారో లెక్కగట్టారు. ఆ పుస్తకం 1969లో ఇక్కడి నుంచే వెలువడింది. ఇంగ్లండు శ్రోతలకు మనవాళ్ల మాట సగటున 70 శాతం దాకా అందింది. అందనిచోట అచ్చులు, హల్లుల తేడాలతో పాటు పదంలో ఊనిక ఎక్కడ పడిందన్నది కూడా గట్టి కారణంగా తేలింది. వినికిడిని కొలవవచ్చని, ఎలా కొలవాలో కూడా ఈ నగరం 1960లలోనే లోకానికి చూపించిందన్నమాట. ఆ పని మొఘల్‌పురా బడి పరీక్షల హాలు దాకా మాత్రం రాలేదు.

ఈలోపు చదవడాన్నయినా సరిగ్గా కొలిచామా? ‘అన్‌సీన్ ప్యాసేజీ’ అందరికీ గుర్తుంటుంది. కింద రాసింది చూడండి.

‘నిన్న గిబ్బు తోరకలో డింబాన్ని మిజ్జింది. ఝాలం రాగానే గిబ్బు లుప్పేసింది.’ ప్రశ్నలు: డింబాన్ని ఎవరు మిజ్జారు? ఎక్కడ మిజ్జారు? గిబ్బు ఎప్పుడు లుప్పేసింది?

మూడింటికీ మీరు జవాబు చెప్పేశారు. పూర్తి మార్కులు వచ్చాయి. గిబ్బు జంతువో మనిషో మాత్రం మీకు తెలియదు, నాకూ తెలియదు. దశాబ్దాల పాటు మన ప్యాసేజీల కింద ఇచ్చిన ప్రశ్నల్లో చాలా భాగం ఈ రకమే. ప్రశ్నలోని మాటను ప్యాసేజీలో వెతికి, ఆ వాక్యాన్ని ఎత్తి రాస్తే సరిపోయేది. పిల్లలు తెలివైనవాళ్లు, ఆ కిటుకు పట్టుకున్నారు. టీచర్లు కూడా అదే నేర్పారు, ఎందుకంటే ఫలితాల రోజున అడిగేది ఉత్తీర్ణత శాతం ఒక్కటే. రాసినవాడి ఉద్దేశం ఏమిటి, చెప్పకుండా వదిలింది ఏమిటి, ఈ పాత్ర తర్వాత ఏం చేస్తుంది అని అడిగితే ఆ కిటుకు పనిచేయదు. చదవడం అక్కడే బయటపడుతుంది. ఏసర్ సంస్థ 2023లో గ్రామీణ భారతంలో 14-18 ఏళ్లవాళ్లను పరీక్షిస్తే 57.3 శాతం మంది ఇంగ్లిషు వాక్యాలు చదవగలిగారు. చదివినవాళ్లలోనూ నాలుగో వంతుకు పైగా అర్థం చెప్పలేకపోయారు. పాతబస్తీ ఆ సర్వే పరిధిలో లేదు. అక్షరం వేరు, అర్థం వేరు అన్న సంగతి మాత్రం ఏ ఊరికైనా వర్తిస్తుంది.

జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం 2005 కోసం ఇంగ్లిషు బోధనపై వేసిన బృందానికి అధ్యక్షురాలు కూడా హైదరాబాదు సీఫెల్‌కు చెందిన ఆచార్య ఆర్.అమృతవల్లి. పిల్లల చుట్టూ భాష పుష్కలంగా ఉండాలన్నది ఆ పత్రానికి గుండెకాయ. తెలంగాణలో 2014-15లో పదో తరగతికి 80-20 పద్ధతి వచ్చాక, బడిలోనే ఇచ్చే 20 మార్కుల్లో భాగస్వామ్యం, ప్రాజెక్టు, రాతపనులు, స్లిప్ టెస్టు అని విడగొట్టారు. వినడం, మాట్లాడటం ఆ భాగస్వామ్యంలో ఎక్కడో ఇమిడిపోయాయి. విడిగా ఒక పరీక్షగా నిలబడలేదు.

చైనాలో ఇదే వయసు పిల్లల సంగతి చూడండి. అక్కడి కాలేజీ ప్రవేశ పరీక్ష గావ్‌కావ్‌లో ఇంగ్లిషుకు 150 మార్కులు. చాలా ప్రావిన్సుల్లో అందులో 30 వినికిడికి, 50 చదివి అర్థం చేసుకోవడానికి. సుమారు 20 నిమిషాల రికార్డింగు, 20 ప్రశ్నలు. ఆ సమయంలో పరీక్ష కేంద్రాల దగ్గర వాహనాల హారన్లు ఆపేస్తారు. దక్షిణ కొరియాలో ఇంకో అడుగు ముందుకేసి, వినికిడి పరీక్ష సమయంలో 35 నిమిషాల పాటు దేశంలో విమానాలు ఎగరకుండా, దిగకుండా చూస్తారు. ఆ వెర్రి పోటీని ఇక్కడికి తెచ్చుకోమని నేను అనను. అక్కడి పిల్లల మీద పడే ఒత్తిడి భయంకరమైనది. పైగా విని ప్రశ్నకు గుర్తు పెట్టగలిగి నోరు మెదపలేని ఇంగ్లిషును చైనావాళ్లే మూగ ఇంగ్లిషు అని తిట్టుకుంటారు. కానీ చెవికి మార్కులు పెట్టగానే బడిలో రోజూ ఏదో ఒకటి వినిపించడం మొదలవుతుంది. పరీక్షకు ఉన్న ఆ శక్తిని మనం రాతకే వాడాం.

మన పక్కనే ఒక ప్రయత్నం జరిగింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2023 జూన్‌లో అమెరికాకు చెందిన పరీక్షల సంస్థ ఈటీఎస్‌తో ఒప్పందం చేసుకుని, ప్రభుత్వ బడుల్లో 3-5 తరగతులకు టోఫెల్ ప్రైమరీ, ఆపై తరగతులకు టోఫెల్ జూనియర్ పెట్టింది. టోఫెల్ జూనియర్‌లో 126 ప్రశ్నలు. 42 వినికిడికి, 42 భాషారూపానికి, 42 చదవడానికి. 2024 ఏప్రిల్‌లో పరీక్షలు జరిగాయి. జూన్‌లో ప్రభుత్వం మారింది, పథకం ఆగిపోయింది. విదేశీ సంస్థకు మన బడుల కొలబద్ద అప్పగించడం ఎందుకన్న విమర్శలో బలముంది. చిన్న ఊళ్ల బడిపిల్లలకు వినికిడి పరీక్ష పెట్టవచ్చని చూపించిందన్నది కూడా అంతే నిజం. రెండో పాఠాన్ని మొదటి దానితో పాటు పారేయకూడదు.

తెలంగాణలో ఇంటర్ బోర్డు 2023-24 నుంచి ఇంగ్లిషుకు ప్రాక్టికల్స్ తెచ్చింది. రాతకు 80, ప్రాక్టికల్‌కు 20. మొదటిసారి 2024 ఫిబ్రవరిలో జరిగాయి. ఒక నిమిషం ఆగకుండా మాట్లాడటం, పాత్రపోషణ, విని అర్థం చేసుకోవడం అందులో భాగాలు. నూట ముప్పై ఏళ్ల కిందట మద్రాసుకు వెళ్లిన జవాబుపత్రంతో పోలిస్తే ఇది పెద్ద మలుపు. దీనికి దక్కాల్సినంత చర్చ దక్కలేదు. వార్తాపత్రికల్లో తేదీలు వచ్చాయి తప్ప లోతుపాతులు రాలేదు.

లోతుకు వెళితే అడగాల్సినవి చాలా ఉన్నాయి. ఎవరి గొంతు వినిపిస్తాం? ఏ కాలేజీకి ఆ కాలేజీ లెక్చరరే చదివి వినిపిస్తే, ఒకచోట నెమ్మదిగా రెండుసార్లు, ఇంకోచోట గబగబా ఒక్కసారి చదువుతారు. ఆ మార్కులను పక్కపక్కన పెట్టి పోల్చలేం. అందరికీ ఒకే రికార్డింగు కావాలి. అందులో లండను గొంతు ఒక్కటే సరిపోదు. మొఘల్‌పురా అమ్మాయి రేపు వినబోయేది హైటెక్ సిటీలో తమిళ మేనేజరు ఇంగ్లిషు, ఆసుపత్రిలో మలయాళీ నర్సు ఇంగ్లిషు, ఫోన్లో దుబాయి నుంచి మాట్లాడే ఫిలిప్పీనో ఇంగ్లిషు, ఆ తర్వాత అమెరికా ఇంగ్లిషు. బన్సల్ తన పరిశోధనలో భారతీయుల గొంతులు రికార్డు చేశారు. ఇప్పుడు ఆ పని చేయడానికి ఫోన్ చాలు. ఇఫ్లూ ఇక్కడే ఉంది, ఆకాశవాణి ఇక్కడే ఉంది, రాష్ట్ర ప్రభుత్వ విద్యా చానల్ టీ-శాట్ స్టూడియోలు ఇక్కడే ఉన్నాయి. 2020లో బడులు మూతపడ్డప్పుడు టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి పాఠాలు ఇళ్లకు చేర్చాయి కూడా.

గది సంగతి ఇంకా ముఖ్యం. సందును ఆనుకుని కిటికీ ఉన్న తరగతిలో, ఆటోల మోతలో, పై కప్పు రేకుల మీద వాన పడుతుంటే ఒక మూల స్పీకరు పెట్టి వినమంటే వెనక బెంచీవాడు ఇంగ్లిషులో ఫెయిలైనట్టు కాదు, గది ఫెయిలైనట్టు. వినికిడి లోపం ఉన్న పిల్లలకు వేరే ఏర్పాటు రాసిపెట్టి ఉండాలి. ప్రశ్న అర్థం కాక తప్పు రాకుండా, కనీసం మొదటి ఏళ్లలో, ప్రశ్నలను తెలుగులో, ఉర్దూలో కూడా అచ్చు వేయవచ్చు. 2022-23 నుంచి ప్రభుత్వ బడుల పాఠ్యపుస్తకాలు ఒక పేజీ ఇంగ్లిషు, ఎదుటి పేజీ మాతృభాషగా వస్తున్నాయి. ప్రశ్నపత్రానికి అదే పద్ధతి ఎందుకు పనికిరాదు? మనం కొలవాలనుకున్నది వినిపించిన మాట పిల్లలకు అందిందా లేదా అన్నదే. జవాబు ఏ లిపిలో వచ్చినా మార్కు ఇవ్వాల్సిందే.